విరిగిన కాలు చూసి కుళ్లుకున్నాను

ముందుగా నేను ఒప్పుకోవాల్సింది జబ్బు గురించి కాదు, కుళ్లు గురించి. పోయిన ఏడాది జూలైలో మా తమ్ముడి కాలు విరిగింది. ఆ కాలు చూసి కుళ్లుకున్నట్టు నేను ఎవరి నగ చూసీ, ఎవరి ఉద్యోగం చూసీ కుళ్లుకోలేదు. కుడికాలు, మోకాలి కింద, రెండు చోట్ల. ఎక్స్‌రే కాగితం కిటికీకి అడ్డంగా పట్టుకుంటే చిన్నపిల్లలకు కూడా తెలిసేంత బాగా విరిగింది. నాకు వచ్చినదానికి అలా పట్టుకుని చూపించే కాగితం లేదు.

ఇప్పుడు జనవరి. పొద్దున ఒక మాత్ర, పడుకునే ముందు ఒక మాత్ర వేసుకుంటున్నాను. అన్నం తింటే అన్నం రుచి తెలుస్తోంది. రాస్తే నాకు కొంచెం కుదురుగా ఉంటుందని ఇది మొదలుపెట్టాను. ఇరవై, పాతికేళ్ల వయసులో తలుపేసుకుని కూర్చుని, అడిగినవాళ్లకు ‘నాకేమీ లేదు’ అని చెప్పేవాళ్లు ఎవరైనా చదువుతారేమో అని కూడా. వాళ్ల కోసమే కుళ్లు సంగతి కూడా దాచకుండా రాస్తున్నాను.

జూన్

మాది బేరిగై పక్క పల్లె. బయటంతా తమిళమే, ఇంట్లో మాత్రం తెలుగు. మూడెకరాల మల్బరీ తోట, తోట పక్కనే పట్టుపురుగుల షెడ్డు. నేను హోసూరులో, మూకండపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాను. సన్నటి వైర్లను క్లిప్పులకు బిగించి టెస్టింగు బల్ల మీదకు పంపే పని. ఊత్తంగరై అమ్మాయి రేవతి, నేను ఒకే గదిలో ఉంటాం. చాలా వారాలు మా షిఫ్టు కూడా ఒకటే. ఆదివారం వస్తే నేను బస్సెక్కి ఊరికి పోయి వస్తాను.

జబ్బు ఏ రోజున మొదలైందో చెప్పలేను. ఎండల వల్ల వచ్చిన అలసట అనుకున్నాను. ఎండలు పోయి వానలు పడినా అలసట పోలేదు. పొద్దున లేస్తూనే రెండు షిఫ్టులు చేసి వచ్చినట్టు ఉండేది. తల దువ్వుకోవడం పెద్ద పని, స్నానం ఇంకా పెద్ద పని. లైనులో ఎవరైనా జోకు వేస్తే, అందరూ నవ్వడం అయిపోయాక నాకు నవ్వాలని గుర్తొచ్చేది. ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుని, అరచేతులు చెమట పట్టి, క్లిప్పు జారిపోయేది. అప్పుడు బాత్రూములోకి పోయి గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. గదికి వస్తే నాకు నిద్ర పట్టేది కాదు. రేవతి మాత్రం తల దిండుకు తగలగానే గురక పెట్టేది. ఆ గురక మీద నాకు ఎంత కోపమో చెప్పలేను. పక్కమనిషి నిద్రను చూసి కూడా కుళ్లుకుంటారా అని మీరు అడగవచ్చు. నిద్ర లేనివాళ్లను అడిగి చూడండి.

మా ఫ్యాక్టరీ సెలవు కాగితంలో ‘కారణం’ అని ఒక గీత ఉంటుంది. ఒకసారి కడుపునొప్పి అని రాశాను. ఒకసారి జ్వరం, ఇంకోసారి తలనొప్పి. ఆ మూడోసారి లైను లీడరు కాగితం చూసి, “ఏమమ్మా, నెలకు మూడు జబ్బులా నీకు?” అని నవ్వాడు. మంచివాడే. నాలుగోసారికి ఏమి రాయాలో నాకే తోచలేదు. నిజం రాస్తే ఆ కాగితం ఎన్ని బల్లలు తిరుగుతుందో, ఎంతమంది దాన్ని చదువుతారో నాకు తెలుసు. అందుకని సెలవు అడగడమే మానేశాను.

నెలాఖరులో ఫ్యాక్టరీకి ఎలాగూ నాలుగు రోజులు సెలవులు వచ్చాయి. ఊరికి పోయి మూలగదిలో చాప వేసుకుని పడుకున్నాను. లేవలేదు. అమ్మ రాగిముద్ద తెచ్చి పెడితే రెండు వేళ్లతో ముట్టి వదిలేశాను.

ఇక్కడ మా ఇంటి పని సంగతి కొంచెం చెప్పాలి. పట్టుపురుగు పెద్దదయ్యేలోపు నాలుగుసార్లు పొర విడుస్తుంది. విడిచే ముందు ఒక రోజంతా ఆకు ముట్టదు. తల పైకెత్తి, కదలకుండా అలాగే ఉండిపోతుంది. ఆ సమయంలో దాన్ని తాకకూడదు, ఆకు వేయకూడదు. సున్నం పొడి చల్లి, షెడ్డు తలుపు దగ్గరికి వేసి వదిలేస్తారు. తొందరపడి కదిలిస్తే పురుగు చెడిపోతుంది. వదిలేస్తే దానంతట అదే లేచి ముందుకంటే రెట్టింపు తింటుంది. మా అమ్మ పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఇదే చూస్తోంది. నన్నూ అలాగే చూసింది.

గడప దగ్గర నిలబడి మా అవ్వతో ఆమె అన్న మాట నాకు వినబడింది.

“దాన్ని కదిలించొద్దత్తా. పండుకోనీ. తిననంటే తిననీ. అదే లేస్తుంది.”

ఇది నిర్లక్ష్యం కాదు. అమ్మకు తెలిసిన అన్ని జాగ్రత్తల్లోకీ పెద్ద జాగ్రత్త ఇదే. నా గది తలుపు దగ్గరికి వేసింది. టీవీ సౌండు తగ్గించింది. అవ్వను లోపలికి రానివ్వలేదు. నేను చాప మీద పడుకుని, ఎవరైనా వచ్చి భుజం పట్టి కుదిపితే బాగుండునని నాలుగు రోజులూ ఎదురు చూశాను. నాలుగో రోజు సాయంత్రం లేచి, ముఖం కడుక్కుని, బస్సెక్కి మూకండపల్లికి వచ్చేశాను. “చూసినావా, లేచింది” అని అమ్మ సంతోషపడిందట.

జూలై

మా తమ్ముడు నవీన్‌కు ఇరవై ఏళ్లు. స్నేహితుణ్ని చూడడానికి బండి మీద పోతూ, శూలగిరి దాటాక ఇసుక మీద జారి పడ్డాడు. అక్కడివాళ్లు కృష్ణగిరిలో పెద్దాసుపత్రికి చేర్చారు. కాలి లోపల ప్లేటు వేసి, కట్టు కట్టి, వారం తర్వాత ఇంటికి పంపారు.

మా వైపు జబ్బుపడినవాళ్లను చూడడానికి ఎవరూ ఉత్త చేతులతో పోరు. ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలో ఆపిళ్లో పట్టుకుని పోతారు. మామూలు రోజుల్లో మా ఇళ్లలో బ్రెడ్డు ఎవరు తింటారు? అది జబ్బు మనిషి తిండి. మంచం పక్కన బ్రెడ్డు ప్యాకెట్టు కనబడిందంటే, నువ్వు నిజంగానే జబ్బుపడ్డావని నలుగురూ ఒప్పుకున్నట్టు. నవీన్ మంచం పక్కన మొదటి ఆదివారానికే పదకొండు ప్యాకెట్లు ఉన్నాయి. నేను లెక్కపెట్టాను.

“ఏమప్పా నవీనూ, ఎట్ల పడినావు?”

“ఇసుక ఉండింది మామా. బ్రేకు కొట్టినాను, అంతే.”

“పోనీలే. తలకు తగల్లేదు, అదే పదివేలు.”

తలకు తగల్లేదు, అదే పదివేలు. వచ్చినవాళ్లంతా ఈ మాటే అన్నారు. కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడిన నాకు, అన్న ప్రతిసారీ అది నన్నే అన్నట్టు ఉండేది. పెద్దత్త అయితే వాడి తల నిమిరి, కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

“నీకేమమ్మా మంజులా, గుండ్రాయి మాదిరి ఉండావు. తమ్ముణ్ణి బాగా చూసుకో.”

అప్పటికి నా చుడీదార్లు వదులై, భుజాల దగ్గర పిన్నులు పెట్టుకుంటున్నాను.

కళ్లలో నిప్పులు పోసుకున్నాను. వాడు “అబ్బా” అంటే నలుగురు పరిగెత్తేవాళ్లు. వాడి స్నేహితులు వచ్చి కట్టు మీద పెన్నుతో పేర్లు రాసి నవ్వేవాళ్లు. అన్నిటికంటే నన్ను మండించింది డాక్టరు చెప్పిన ఒక మాట. ఆరు వారాల్లో నడిపిస్తానన్నాడట. ఆరు వారాలు! నాకు ఎవరైనా అలా ఒక లెక్క చెప్పి ఉంటే ఆరేళ్లయినా ఓర్చుకునేదాన్ని. వాడికి బదులు నాకే కాలు విరిగి ఉంటే ఎంత బాగుండేదో అని ఒకసారి కాదు, రోజూ అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగానే ఉంది. అప్పుడు సిగ్గు కూడా లేదు.

ఆ నెలలోనే ఒకసారి ధైర్యం చేశాను. హోసూరు బస్టాండు దగ్గర ఒక మెడికల్ షాపు పైన మనసు డాక్టరు బోర్డు ఉంది. ఆ దారిలో ఏళ్ల తరబడి తిరిగినా ఎప్పుడూ చదవని బోర్డు ఇప్పుడు బస్సులోంచి కూడా కనబడుతోంది. షిఫ్టు అయ్యాక వెళ్లి, మెట్ల దాకా పోయి, ఒక మెట్టు ఎక్కాను కూడా. వెనక నుంచి మా ఊరి సరోజక్క పిలిచింది.

“ఏమమ్మా మంజులా, ఈడేమి చేస్తా ఉండావు?”

ఎక్కిన కాలు దించేశాను. “తమ్మునికి మాత్రలు కావాలక్కా” అన్నాను.

“పాపం బిడ్డ. ఎట్ల ఉండాడు? నేను చూసేకి రానే లేదు. ఉండు” అని పక్క బండిలో ఆపిళ్లు కొని నా చేతిలో పెట్టింది. “వానికియ్యి. నేను ఇచ్చినానని చెప్పు.”

మనసు డాక్టరు దగ్గరికి పోబోయి, తమ్ముడికి ఆపిళ్లు మోసుకుంటూ తిరిగొచ్చాను. గదికి వచ్చి, వాటిలో పెద్దది ఏరి తినేశాను. మిగతావి వాడికే ఇచ్చాను.

అసలు భయం ఏమిటంటే, మా ఇంట్లో నాకు సంబంధం చూస్తున్నారు. డెంకణికోట వైపు వాళ్లు. పిల్లకు మనసు బాగాలేదట అన్న మాట ఒక్కసారి బస్సెక్కితే, నాకంటే ముందు డెంకణికోట చేరుతుంది. కాలు విరిగినవాణ్ని ఆరు వారాల తర్వాత ఎవరూ కుంటివాడనరు. నన్ను ఎన్ని వారాలకు మామూలు మనిషి అంటారో నాకు తెలియదు.

ఆగస్టు

ఆగస్టులో కుళ్లు కూడా పోయింది. ఇది చదివేవాళ్లు ఏది మరిచిపోయినా దీన్ని మరిచిపోవద్దు. ఒక పొద్దున లేచేసరికి నవీన్ మీద కోపం లేదు, రేవతి గురక మీద కోపం లేదు, ఎవరి దగ్గర ఏముందో అక్కరలేదు. ఎంత తేలిగ్గా ఉందో అనుకున్నాను. బాగవుతున్నానేమో అని కూడా అనుకున్నాను. నా రోజులన్నిటిలోకీ ప్రమాదకరమైన రోజు అదేనని తర్వాత తెలిసింది.

ఇక ఉండకూడదని నిర్ణయించుకున్నాను. ఎలా అనుకున్నానో రాయను, అది ఎవరికీ పనికిరాదు. శుక్రవారం పొద్దుటి షిఫ్టు అయి మధ్యాహ్నం గదికి వచ్చి బట్టలన్నీ మడతపెట్టాను. రేవతికి నచ్చిన నా ఆకుపచ్చ చుడీదారు, కొత్త టిఫిను క్యారియరు తీసి ఆమె మంచం మీద పెట్టాను. ఆమె స్నానం చేసి వచ్చి చూసింది.

“ఇవి ఏంటికి నాకిస్తా ఉండావు?”

“నీకు ఇష్టం కదా.”

“శానా ఇష్టమే. నీకేమైంది?”

“ఏమీ లేదు.”

తడి జుట్టుతోనే పోయి తలుపుకు వీపు ఆనించి కింద కూర్చుంది.

“మంజూ, ఒకటి అడుగుతాను, తప్పనుకోవద్దు. సచ్చిపోవాలని ఉండాదా నీకు?”

కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది. అందుకే నాకూ జవాబు వచ్చేసింది.

“ఉండాది.”

ఆమె తిట్టలేదు, ఏడవలేదు, అమ్మానాన్నల గురించి ఆలోచించు అని చెప్పలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది.

“మా నాయన గొర్రెలు మేపుతాడు కదా. మందలో కలవకుండా ఒకటి పక్కన నిలబడిందంటే ముందు దాని కాడికే పోతాడు. మేసేవాటిని ఆ దినం చూడనే చూడడు. నేను చూడు, నీ పక్కనే పండుకుంటా ఉండి కూడా కండ్లు మూసుకుని ఉండాను.”

ఇద్దరికీ శనివారం సెలవు కావాలని ఆమే లైను లీడరుకు ఫోను చేసింది. కారణం ఏమి చెప్పిందో తెలుసా? కడుపునొప్పి. ఇద్దరికీ.

అదే సాయంత్రం నన్ను ఊత్తంగరై పక్కన వాళ్ల పల్లెకు తీసుకుపోయింది. రెండు రోజులు నన్ను ఒంటరిగా వదలలేదు. వాళ్ల నాయన నన్ను ఏమీ అడగలేదు. ఆదివారం పొద్దున ఒక కర్ర చేతికిచ్చి, “రామ్మా, గొర్రెల ఎనక నడుచ్చాం” అన్నాడు. ఆయన ముందు, నేను వెనక. ఎండ తలకు తగిలింది. చాలా రోజుల తర్వాత నాకు దాహమేసింది.

సోమవారం నవీన్‌కు కృష్ణగిరి ఆసుపత్రిలో చెకప్పు. నాయన రాలేడు. పురుగులు చివరి వారంలో ఉన్నాయి, అప్పుడు ఎంత ఆకు వేసినా చాలదు, కోసి తెచ్చి వేస్తూనే ఉండాలి. అందుకని నన్ను తోడు పొమ్మని ఫోను చేశాడు. మామూలుగా అయితే పురుగుల మీద కూడా కుళ్లుకునేదాన్ని. ఆ రోజు సరేనన్నాను.

రేవతి విని, “మంచిదే అయింది” అంది. “అదే ఆస్పత్రిలో మనసుకు చూసేవాళ్లు కూడా ఉంటారు. కాన్పు అయినంక మా వదినకు నిద్ర లేకుండా పోతే ఆడికే తీసుకుపోయినాము. నువ్వు చీటీ రాయించుకుని చూపించుకోవాల. లేదంటే నేనే మీ ఇంటికి వచ్చి చెప్తాను.”

ఆసుపత్రి గేటు దాకా నాతో వచ్చింది. మా మామ తన కూరగాయల వ్యానులో నవీన్‌ను తెచ్చి దింపాడు. వాడు చంకకర్రల మీద నిలబడ్డాక, ఇక నా పక్కన మనిషి ఉన్నాడని చూసుకుని, అప్పుడు రేవతి రెండో షిఫ్టుకు హోసూరు బస్సెక్కింది.

చీటీలు ఇచ్చే చోట పెద్ద వరుస. ముందు నవీన్‌కు ఎముకల చీటీ రాయించాను. “ఇంకొకటి కావాలి” అన్నాను చీటీలు రాసే ఆయనతో.

“ఏ డాక్టరుకమ్మా?”

మెల్లగా చెప్పాను. మధ్యలో అద్దం. ఆయనకు వినబడలేదు, గట్టిగా చెప్పమన్నాడు. నా వెనక కనీసం ఇరవై మంది. వాళ్లలో మా వైపు వాళ్లు ఎవరున్నారో తిరిగి చూసే ధైర్యం లేదు. చెప్పాను.

“పేరు?”

“నవీన్.”

నా నోరే అంది. ఆలోచించి అన్నది కాదు. రెండు నెలలుగా అందరికీ తమ్ముడికి, తమ్ముడికి అని చెప్పి చెప్పి, అదే అలవాటైపోయింది. వయసు అడిగితే ఇరవై అన్నాను. ఆయన రాసి ఇచ్చాడు.

ఎముకల డాక్టరు నవీన్ కాలు చూసి బాగా అతుకుతోందన్నాడు. వాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక బిస్కెట్ ప్యాకెట్టు ఇచ్చి, ఇప్పుడే వస్తానని చెప్పి రెండో వరండాలోకి పోయాను. అక్కడ కూడా బెంచీలు, అక్కడ కూడా మనుషులే. నాలాగే పనికి పోయే బట్టలు వేసుకున్న అమ్మాయి ఒకతి, కొడుకు చెయ్యి పట్టుకున్న ఒక తండ్రి, కునుకు తీస్తున్న ఒక పెద్దామె. నేను ఊహించుకున్నట్టు ఎవరూ లేరు. ఎవరూ నన్ను చూడనూ లేదు.

చాలాసేపయింది. చంకకర్రల టక్ టక్ వినబడి తలెత్తాను.

“యాడ పోయినావక్కా? ఈడేం చేస్తా ఉండావు?”

చీటీ మూసేలోపే చదివేశాడు.

“ఇది నా పేరు కదా. నాకు ఇరిగింది కాలు కదా?”

“నాకే” అన్నాను. “నీ పేరు నోట్లోకి వచ్చేసింది.”

తలుపు మీద బోర్డు చూశాడు. నన్ను చూశాడు. నా భుజాల దగ్గర పిన్నులు కూడా చూశాడనుకుంటాను.

“ఎన్ని దినాలాయె?”

“నీ కాలు ఇరగకముందు నుంచి.”

వాడు మెల్లగా నా పక్కన కూర్చున్నాడు. కర్రలు గోడకు ఆనించాడు. బిస్కెట్ ప్యాకెట్టు విప్పనే లేదు, నా ఒళ్లో పెట్టాడు.

“సరే, పేరు నాదే ఉండనీ” అన్నాడు. “ఇద్దరం లోపలికి పోదాం. నాకే అని చెప్తాను. బండి మీంచి పడినంక భయమేస్తా ఉండాదంటే నమ్ముతారు. మాత్రలు నువ్వు తిను. మగోణ్ణి, నన్నెవరూ ఏమీ అనరు. నీకు సంబంధం చూస్తా ఉండారు కదక్కా.”

ఇది ఎంత తెలివితక్కువ ఆలోచనో, అందులో ఎంత ప్రేమ ఉందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసింది మంట ఒక్కటే. పదకొండు బ్రెడ్డు ప్యాకెట్లు వాడికి. ఆపిళ్లు వాడికి. మామ వ్యాను వాడికి. నా నిద్ర తిని, నా ఆకలి తిని, నేనొక్కదాన్నే మోసుకు తిరిగిన ఈ జబ్బు కూడా ఇప్పుడు వాడికేనా?

లోపలి నుంచి నర్సు వచ్చి, ఎవరని తమిళంలో పిలిచింది. “నవీన్. నవీన్ యారు?”

వాడు కర్రలు అందుకుని లేచాడు. బెంచీల మీదవాళ్లు కాళ్లు ముడుచుకుని, “పాపం, కాలు. దారియ్యండప్పా” అన్నారు. అక్కడ కూడా ఆ కాలికే దారి.

“కూర్చో” అన్నాను. “ఇది నాది. నీ కాలు నువ్వు చూసుకో.”

వరండా అంతటికీ వినబడింది. నర్సు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “పేషెంటు ఎవరమ్మా?”

“నేను. పేరు తప్పు చెప్పినాను. మంజుల. ఇరవై మూడేండ్లు.”

ఆమె పెన్ను తీసి ఆ పేరు కొట్టేసి నా పేరు రాసింది. అంతే. దానికి రెండు నెలలు పట్టింది. కుళ్లు తిరిగొచ్చిందని, దాంతోపాటు నేను కూడా కొంచెం తిరిగొచ్చానని లోపలికి పోతూ ఉండగా నాకు తెలిసింది.

డాక్టరమ్మకు మా అమ్మ వయసు ఉంటుంది. తమిళంలో అడిగింది. నేను తమిళంలో పనిచేస్తాను, బస్సు కండక్టరుతో గొడవ పడతాను, సినిమా చూసి ఏడుస్తాను. కానీ దీన్ని తమిళంలో ఎప్పుడూ అనుకోలేదు. రెండు మాటలు చెప్పి ఆగిపోయాను.

“తెలుగులోనే చెప్పమ్మా” అంది ఆమె. “నాకు మాట్లాడేకి సరిగా రాదు. వినేకి వస్తుంది.”

నేను చెప్పిన మొదటి మాట నిద్ర గురించి కాదు, చావు గురించి కాదు. “మా తమ్ముని కాలు చూస్తే నాకు కుళ్లు మేడమ్” అన్నాను. ఆమె నవ్వలేదు. తల ఊపి రాసుకుంది. తర్వాత రేవతి అడిగిన ప్రశ్నే తనూ అడిగింది. ఈసారి జవాబు చెప్పడం తేలికైంది. ఈ జబ్బుకు పేరుందని, మందులున్నాయని, మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, అంతవరకు ఒంటరిగా ఉండకూడదని చెప్పింది. ఎన్ని వారాలు అని అడిగాను. ఖచ్చితంగా చెప్పలేనుగానీ తగ్గుతుందని అంది. లెక్క చెప్పకపోయినా ‘తగ్గుతుంది’ అన్న మాట నాకు అప్పటికి చాలింది.

సెప్టెంబరు

ఇంట్లో చెప్పడం ఆసుపత్రికి పోవడం కంటే కష్టమైంది. ఆగస్టు ఆఖరున, ఆసుపత్రికి పోయిన ఆ సోమవారం సాయంత్రమే చెప్పాను. నవీన్ నా పక్కనే కూర్చున్నాడు.

అమ్మ మొదటి మాట, “ఎవురికైనా చెప్పినావా?”

రెండో మాట, “డెంకణికోటోళ్లకు తెలిస్తే?”

నాకు కోపం వచ్చింది. “పురుగులకు షెడ్డులో థర్మామీటరు పెట్టినావు. నా నుదుటి మీద చెయ్యి పెట్టినావా?” అన్నాను. అనకూడని మాట. అమ్మ లేచి షెడ్డులోకి పోయింది. వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాయన మాత్రం, ఒంటరిగా ఉండకూడదని నేను ఇంటి నుంచే పనికి పోయి వచ్చిన ఆ వారాల్లో, రోజూ నేను మాత్ర వేసుకునే వేళకు ఎదురుగా వచ్చి నిలబడి, “ఏసుకున్నావామ్మా?” అని అడిగి పోయేవాడు. ఆయనకు వేరే మాటలు రావు.

మాత్రలు మొదట ఏమీ చేయలేదు. నోరు ఎండిపోయేది, పగలు మగత. మానేద్దామని రెండుసార్లు అనుకున్నాను. రేవతికి ఫోను చేస్తే, “మానేసి చూడు, గొర్రెల కర్ర తీసుకుని వస్తాను” అనేది. మూడో వారంలో ఒకరోజు పొద్దునదాకా నిద్రపోయాను. లేచి కూర్చుని, ఇది కలేమో అని చూసుకున్నాను.

ఫ్యాక్టరీలో మళ్లీ సెలవు కాగితం నింపాల్సి వచ్చింది. కారణం అన్న గీత మీద ‘మనసు డాక్టరు దగ్గర చూపించుకోవాలి’ అని రాశాను. లైను లీడరు చదివి సంతకం పెట్టాడు. మరుసటి రోజు టీ దగ్గర నా పక్కకు వచ్చి, అటూ ఇటూ చూసి, “ఆ డాక్టరు ఏ ఏ దినాలు ఉంటారమ్మా? మా అక్క కొడుకుకు అడుగుతా ఉండాను” అన్నాడు. అక్క కొడుకుకో, ఆయనకో నాకు తెలియదు. రోజులు చెప్పాను. చీటీ రాయించేటప్పుడు సరైన పేరు చెప్పమని కూడా చెప్పాను.

డెంకణికోట వాళ్లు మళ్లీ ఫోను చేయలేదు. ఎందుకో మాకు చెప్పలేదు, మేము అడగలేదు. రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజు మామూలుగా పనికి పోయాను.

తర్వాతి పంట పురుగులు పొర విడిచే రోజున నేను ఊర్లోనే ఉన్నాను. అమ్మ షెడ్డులోకి రమ్మని పిలిచింది. చాలావరకు పురుగులు లేచి తల ఆడిస్తున్నాయి. లేవనివి కొన్ని కింద ఉండిపోయాయి. అమ్మ వాటిని ఒక్కొక్కటిగా ఏరి వేరే తట్టలో పెడుతోంది. నా వైపు చూడకుండానే మాట్లాడింది.

“లేవనివాటిని ఒక దినం చూస్తాము మంజూ. అప్పటికీ లేవకుంటే ఏరి పక్కన పెట్టి, లేతాకు ఏస్తాము. ఒక దినమే. నిన్ను రెండు నెల్లు చూసినాను.”

మోచేత్తో ముఖం తుడుచుకుంది. నేను లేతాకు తెంపి ఆమె చేతికి అందించాను. ఇద్దరం చాలాసేపు ఆ పనే చేశాం.

అక్టోబరు

అప్పటికి నవీన్ ఒక్క కర్రతో నడుస్తున్నాడు. వాణ్ని చూసేందుకు రావడం అందరూ మానేశారు. ఒక ఆదివారం అమ్మ సున్నం పొడి కోసం బేరిగైకి పోయింది. నేను మూలగదిలో చాప మీద కూర్చుని ఉన్నాను. ఆ వారం మళ్లీ కొంచెం బాగాలేదు. అలా వెనకకు జారే వారాలు వస్తాయని డాక్టరమ్మ ముందే చెప్పింది. వచ్చినప్పుడు మాత్రం చెప్పినవేవీ గుర్తుండవు. మీకు వచ్చినా భయపడకండి, ఎవరో ఒకరికి చెప్పండి.

అమ్మ వచ్చింది. సున్నం సంచి వాకిట్లో దించి, తలుపు దగ్గరికి వేయకుండా నేరుగా లోపలికి వచ్చింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. జ్వరం లేదని ఆమెకూ తెలుసు. కొంగు కింద నుంచి ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు బత్తాయిలు తీసి నా చాప పక్కన పెట్టింది.

వెనకే నవీన్ కర్ర మీద వచ్చి, అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు.

“నీకు కాదు” అంది అమ్మ. “అది అక్కకు. బిడ్డకు బాగాలేదని తెచ్చినాను.”

“అంగట్లో ఎవరైనా అడిగినారా, ఎవరికని?” అన్నాను.

“సరోజ అడిగింది.”

“ఏమని చెప్పినావు?”

“నా కూతురికి మనసు బాగాలేదు, మందులు తింటా ఉండాదని చెప్పినాను. సాయంత్రం చూసేకి వస్తానని చెప్పింది.”

సాయంత్రం సరోజక్క వచ్చింది. ఉత్త చేతులతో రాలేదు. నవీన్ గడప దగ్గర కూర్చుని, రెండు ప్యాకెట్లు అయినాయి కదక్కా, ఒక ముక్క ఇవ్వు అని బతిమాలాడు. నేను ఆ బ్రెడ్డు మూడు రోజులు తిన్నాను. చివరి ముక్కలు ఎండి అట్టల్లా అయిపోయాయి. వాటిని కాఫీలో ముంచుకుని తిన్నానుగానీ, వాడికి ఒక్క ముక్క కూడా పెట్టలేదు.